పైపు లోపల 3 మిల్లీమీటర్లు: కాకినాడ ఓవర్‌లే షాపుతో ఐదు వారాలు

ఈ వేసవిలో రాజోలు నుంచి కాకినాడకు బొలెరో పికప్‌లో పైపులు వేసుకుని నాలుగుసార్లు వెళ్లొచ్చాను. అమలాపురం, ముమ్మిడివరం మీదుగా వెళ్లి ఎదుర్లంక వంతెన మీద గౌతమి దాటితే యానాం, అక్కడి నుంచి కాకినాడ. నేను రాజోలు దగ్గర ఒక చిన్న ఫ్యాబ్రికేషన్ షాపులో క్వాలిటీ చూస్తాను. గ్యాసు బావుల దగ్గర వాడే పైపు స్పూళ్లు, అంటే కొలతకు కోసి ఫ్లాంజిలు అతికించిన పైపు ముక్కలు, మేం చేసి ఇస్తాం. వాటిలో 14 స్పూళ్లకు లోపల తుప్పు పట్టని పొర వెల్డింగుతో వేయించాలి, దాన్నే ఓవర్‌లే అంటారు. ఆ మిషను మా దగ్గర లేదు. కాకినాడలో ఒక షాపుకు ఇచ్చాం. ఇది ఆ షాపు పని గురించి. పేరు వేయొద్దని యజమాని అడిగారు కాబట్టి వేయడం లేదు. మన వైపు ఈ పని చేయించుకోవాల్సిన వాళ్లు ఏం చూసుకోవాలో తెలిస్తే చాలు. షాపు దొరకబుచ్చుకోవడం పెద్ద కష్టం కాదు.

ముందు ఈ పొర ఎందుకో చెప్పాలి. మన బావుల్లోంచి గ్యాసు ఒక్కటే రాదు. దాంతోపాటు ఉప్పునీళ్లు, కొంచెం ఇసుక, కార్బన్ డయాక్సైడు వస్తాయి. కార్బన్ డయాక్సైడు పొడిగా ఉన్నంతసేపు ఇనుముకు ఏమీ కాదు. నీళ్లలో కరిగితే మాత్రం ఆమ్లమవుతుంది. నీళ్లు నిలిచే అడుగుభాగం, ఎల్బో (వంపు ముక్క) తిరిగిన వెంటనే వచ్చే జాగా, ఇవే ముందు పోతాయి. పాత స్పూలును నిలువునా కోసి చూస్తే పైసగం మిల్లు నుంచి నిన్న వచ్చినట్టు ఉంటుంది, అడుగుసగం చెదలు తిన్న దూలంలా ఉంటుంది. బయట రంగు చెక్కుచెదరదు. అందుకే భయం.

మా మండలాల వాళ్లకు ఇది చదువుకుని తెలుసుకునే సంగతి కాదు. 2014 జూన్ 27న తెల్లవారుజామున నగరం అనే ఊళ్లో గ్యాసు లైను పేలి ఇరవై మందికి పైగా చనిపోయారు. అప్పటికి నేను పాలిటెక్నిక్ చదువుతున్నాను. పొడి గ్యాసు కోసం వేసిన లైనులో నీళ్లున్న గ్యాసు వెళ్లిందనీ, లైను లోపలి నుంచి తుప్పు తినేసిందనీ విచారణలో తేలింది. కాలిపోయిన కొబ్బరిచెట్లు చాలాకాలం అలాగే మోడులై నిలబడి ఉండేవి. లోపలి తుప్పు అనే మాట నాకు అప్పుడే పరిచయం. ఈ ఉద్యోగంలో ఎవరైనా "లోపల ఎవరు చూస్తారండీ" అంటే నాకు కోపం రావడానికి కారణం అదే.

మొత్తం పైపునే మంచి లోహంతో చేయించొచ్చు కదా అని మా కుర్రాళ్లు అడుగుతుంటారు. లెక్క వేసి చూపిస్తాను. మాది 4 అంగుళాల పైపు, గోడ మందం తరగతి షెడ్యూల్ 160. బయటి వ్యాసం 114.3 మి.మీ., గోడ మందం 13.49 మి.మీ. దాన్ని పూర్తిగా ఇంకోనెల్ 625 అనే నికెల్ మిశ్రమలోహంతో చేస్తే మీటరుకు దాదాపు 36 కిలోల లోహం. అదే మామూలు ఏ 106 కార్బన్ స్టీలు పైపు తీసుకుని లోపల 3 మి.మీ. పొర వేస్తే మీటరుకు ఏడు కిలోల లోపే. ఒత్తిడి ఇనుము మోస్తుంది, తుప్పు సంగతి నికెల్ చూసుకుంటుంది. 625లో సగానికి పైగా నికెల్, 20 నుంచి 23 శాతం క్రోమియం, 8 నుంచి 10 శాతం మాలిబ్డినం ఉంటాయి. అంత ఖరీదైన లోహాన్ని అవసరం ఉన్న చోటే పెట్టడం ఓవర్‌లే. కిలోమీటర్ల కొద్దీ లైనుకైతే మిల్లులోనే రెండు లోహాలు అతికించి చుట్టిన క్లాడ్ పైపు, లేదా లోపల పలచటి గొట్టం దూర్చి బిగించిన లైన్డ్ పైపు కొంటారు. పొట్టి స్పూళ్లకు, ఫ్లాంజిలకు (పైపు చివర బోల్టులతో బిగించే చక్రాలకు), వంపులకు వెల్డింగుతో వేసే పొరే దారి.

316ఎల్ స్టెయిన్‌లెస్ చాలదా అని కూడా అడుగుతారు. చౌక, నిజమే. కానీ ఉప్పునీళ్లు వేడిగా, 60 డిగ్రీలు దాటి ఉంటే 316ఎల్ బీటలిచ్చే ప్రమాదం ఉంది. అది తుప్పులాగా నెమ్మదిగా రాదు, చెప్పకుండా వస్తుంది. మా స్పూళ్ల మీద చెయ్యి పెడితే కాలుతుంది, కాబట్టి ఆ మాట మేం ఎత్తలేదు.

కాకినాడకు రావడానికి ముందు ఇంకో చోట చేయించాం, రాష్ట్రం బయట. ఫొటోలు బాగున్నాయి, రిపోర్టులు ఇంకా బాగున్నాయి. స్పూళ్లు బిగించిన ఎనిమిది నెలలకు ఒకటి చెమ్మగిల్లింది. బయట చిల్లు గుండుసూది తల కన్నా చిన్నది. కోయించాను. లోపలి పొర మీద కూడా ఒక సన్నటి రంధ్రమే, పక్కపక్క పూసలు (వెల్డింగు వరసలు) రెండూ సరిగా కలవని చోట. ఆ రెండు రంధ్రాల మధ్య ఇనుములో మాత్రం బొటనవేలు పట్టేంత గుల్ల! పుచ్చిన పన్నును బద్దలు కొట్టి చూసినట్టు ఉంది. అలా ఎందుకవుతుందంటే, చుట్టూ ఉన్న పెద్ద నికెల్ పొర, దాని మధ్య కాస్తంత బయటపడ్డ ఇనుము, రెంటినీ ఉప్పునీరు కలుపుతుంది. అంత విస్తీర్ణం చేసే పనికి ఆ చిన్న చుక్క ఇనుమే బలి. పొర అసలే లేకపోతే ఇనుము అంతటా కొద్దికొద్దిగా అరిగేది. చిల్లున్న పొర ఉంటే ఒక్కచోటే తవ్వేస్తుంది. అందుకే ఓవర్‌లేలో తొంభై తొమ్మిది శాతం బాగుంది అనే మాట పనికిరాదు. ఆ ముక్క ఇప్పటికీ నా టేబులు మీదే ఉంది.

ఇక ఈ షాపు. రేకుల షెడ్డు, రెండు ఓవర్‌లే మిషన్లు, ఒక పెద్ద లేతు, ఒక చిన్న లేతు. బయటి నుంచి చూస్తే గొప్పగా ఏమీ అనిపించదు. లోపలికి వెళ్లగానే నాకు నచ్చింది ఏమిటంటే, నికెల్ పని చేసే భాగాన్ని విడిగా పార్టిషను కట్టి పెట్టారు. అక్కడికి ఇనుము గ్రైండింగు దుమ్ము రాదు. గ్రైండింగు వీల్స్, వైరు బ్రష్షులు వేరు, వాటికి పసుపు రంగు గుర్తు. నూనె మరకల చేతిగ్లౌజులతో ఎవరూ పైపు లోపల చెయ్యి పెట్టరు. నికెల్‌కు గంధకం, సీసం పడవు. కటింగ్ ఆయిలు మరకో, చౌక మార్కరు గీతో మిగిలితే పూస వేడి మీదే చీలుతుంది. ఆ జాగ్రత్త నేర్పితే వచ్చేది కాదు, అలవాటు కావాలి. ఇక్కడ హెల్పరు కుర్రాడికి కూడా ఆ అలవాటు ఉంది. నేను చూస్తుండగా కొత్త పైపు వచ్చింది. ఎవరూ చెప్పకుండానే తెల్లగుడ్డకు అసిటోన్ తడిపి లోపల తుడిచాడు, గుడ్డ తీసి చూశాడు, మళ్లీ తుడిచాడు. మూడో గుడ్డ తెల్లగా వచ్చేదాకా వదల్లేదు.

పని చూసేది అరవై దాటిన ఒక మేస్త్రి గారు. మొదటి రోజు నేను ఫొటోలు పంపిస్తారా అని అడిగితే, "ఫొటోలు పంపుతాం అమ్మా. పైపు లోపల ఏం జరిగిందో ఫొటోలో తెలీదు. కుర్చీ వేయిస్తాను, ఉండి చూసుకోండి" అన్నారు. ఇంతకు ముందు షాపులో మమ్మల్ని గేటు దాటనివ్వలేదు. ఆ రోజు నుంచి ఆయన్ని బాబాయ్ గారూ అనే పిలిచాను.

పైపు రోలర్ల మీద నెమ్మదిగా తిరుగుతూ ఉంటుంది. పొడవాటి చేతిలాంటి కడ్డీ చివర టార్చి లోపలికి వెళ్తుంది. ఆర్గాన్ గ్యాసు, టంగ్‌స్టన్ మొన, పక్కనుంచి వచ్చే 625 తీగ. ఆ తీగను కూడా ముందే కరెంటుతో వేడి చేసి పంపుతారు, దానివల్ల కింది ఇనుమును ఎక్కువ కరిగించకుండానే లోహం పడుతుంది. టార్చి పక్కనే చిన్న కెమెరా, బయట తెర. పైపు ఒక చుట్టు తిరిగేసరికి పూస కొంచెం పక్కకు జరుగుతుంది, ముందు పూస మీద సగం ఎక్కుతుంది. తాటాకిల్లు కప్పేటప్పుడు ఆకు మీద ఆకు ఎంత ఎక్కాలో కప్పేవాడికి తెలుస్తుంది కదా, అలాగ. ఎక్కింది తక్కువైతే సందు, ఎక్కువైతే ఎత్తుపల్లాలు. బాబాయ్ గారు తెర ముందు నుంచి కదలరు. ఒకసారి కరెంటు పోయింది. జనరేటరు వచ్చేసరికి పూస మధ్యలో ఆగిపోయింది. మళ్లీ మొదలుపెట్టేస్తారేమో అనుకున్నాను. టార్చి బయటికి తీశారు, ఆగిన చోట గుంటను గ్రైండ్ చేయించారు, ఎర్రమందు రాసి పగుళ్లు బయటపెట్టే డీపీ పరీక్ష చేశారు, చీలిక లేదని చూసుకున్నాకే మళ్లీ పెట్టారు. ఒక గంట పోయింది. నా వైపు చూడలేదు కూడా, నేను ఉన్నానని చేసిన పని కాదది.

ఒక పొర అయ్యాక పైపు 150 డిగ్రీల లోపుకు చల్లారేదాకా రెండోది మొదలుపెట్టరు. రెండు పొరలు ఎందుకంటే, మొదటి పొర వేసేటప్పుడు కింది ఇనుము కొంత కరిగి పైకి కలుస్తుంది. ఆ ఇనుము ఎక్కువైతే పేరుకే 625. రెండో పొరలో అది తగ్గుతుంది. గ్యాసు పరికరాల ప్రమాణం ఏపీఐ 6ఏలో దీనికి రెండు తరగతులున్నాయి: ఇనుము 5 శాతం లోపు ఒకటి, 10 శాతం లోపు ఒకటి. మా ఆర్డరు 5 శాతం. లోహంలో ఏది ఎంత ఉందో చదివే పీఎంఐ గన్నుతో నేనే కొట్టి చూశాను. ఇక్కడ ఒక మాట. గన్ను చదివేది పైపైన మాత్రమే. ఫ్లాంజి ముఖం లాంటివి లేతు మీద తీసేస్తారు కాబట్టి, తీయకముందు చదివిన అంకె మనకు అక్కర్లేదు. తీసేశాక మిగిలే 3 మి.మీ. దగ్గర చదవాలి. వీళ్లు అలాగే చదివారు, నాకు వచ్చినవి 3.1 నుంచి 4.4 మధ్య. పొర మందం కొలవడం తేలిక. 625 అయస్కాంతానికి అంటదు, కింది ఇనుము అంటుతుంది. పెయింటు మందం కొలిచే గేజి లాంటిదే కొంచెం పెద్ద రేంజిది తెచ్చి పెడితే చాలు.

ఇప్పుడు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) సంగతి. ఇదే అసలు రాయాలనుకున్నది.

మా వైపు కొబ్బరితోటలకు, వరికి తెగుళ్ల మందుల్లో వాడే మైలుతుత్తమే. రాజోలు ఎరువుల కొట్టులో కొని, నీళ్లలో కలిపి, కొన్ని చుక్కల సల్ఫ్యూరిక్ యాసిడ్ వేసుకుని చిన్న సీసాలో పట్టుకెళ్లాను. ఫ్లాంజి ముఖం మీద బ్రష్షుతో రాస్తే నికెల్ మీద ఏమీ కాదు, నీలంగా జారిపోతుంది. ఇనుము బయటపడి ఉంటే క్షణాల్లో రాగి ఎక్కి గులాబీ రంగు తేలుతుంది. ఖరీదైన పరికరం అక్కర్లేదు. మా ఫ్లాంజిలు 1500 ఒత్తిడి క్లాసు, రింగు జాయింటు. గాడిలో కూర్చునే రింగే సీలు చేస్తుంది, కాబట్టి గాడి రెండు వాలులూ పూర్తిగా 625 పొరలోనే ఉండాలి. మొదటి ఐదు ఫ్లాంజిలు శుభ్రం. ఆరోదానికి రాశాను. గాడి బయటి వాలు మీద, పైఅంచుకు కాస్త కింద, వెంట్రుక మందాన గులాబీ గీత. ఫ్లాంజి చుట్టులో పావు వంతు మేర. కంటికి అప్పటిదాకా అంతా ఒకే వెండి రంగు.

బాబాయ్ గారిని పిలిచాను. కళ్లద్దాలు పెట్టుకుని వంగి చూశారు. బొటనవేలితో గీతను తుడిచారు, పోలేదు. ఫ్లాంజిని లేతు మీద సరిగ్గా మధ్యకు పట్టలేదు, అందుకే గాడి ఒక పక్కకు జరిగి పొర దాటిపోయింది. ఎవరైనా అయితే "అంత సన్నటి గీతకు ఏమవుతుందమ్మా" అంటారని నేను లోపల సిద్ధపడి ఉన్నాను. ఆయన లేతు కుర్రాణ్ని పిలిచి, "రాజా, ఇది దించరా. గాడి మొత్తం తీసేసి మళ్లీ పోద్దాం" అన్నారు. నాతో అన్నది ఒకే మాట: "ఆ సీసా ఇలా ఇవ్వండి." మిగిలిన ఫ్లాంజిలన్నిటికీ ఆయనే కూర్చుని రాశారు. ఇంకేదీ పోలేదు. ఆ ఒక్కటీ మళ్లీ వేసి, మళ్లీ లేతు పట్టి, డీపీ, పీఎంఐ చేసి ఇవ్వడానికి నాలుగు రోజులు పట్టింది. బిల్లులో దానికి పైసా వేయలేదు. తర్వాతి వారం వెళ్లేసరికి వాళ్ల బెంచీ మీద ఒక నీలం సీసా ఉంది.

కాదు అని చెప్పడం కూడా వీళ్లకు వచ్చు. మాకు రెండు 3 అంగుళాల ఎల్బోలు కూడా ఉన్నాయి. సూపర్‌వైజరు కుర్రాడు అచ్చం మన కోనసీమ మనిషే. చూసి, "ఆయ్, ఇవి మావల్ల అవ్వవండి. వంపులో మా టార్చి తిరగదు. చేత్తో వేస్తే మీరొప్పుకోరు, మేమూ ఒప్పుకోం" అన్నాడు. పూర్తి 625 ఎల్బోలే కొనమన్నాడు. అవే కొన్నాం.

వెల్డింగుకు ముందు ఒక హెచ్చరిక వాళ్లే ఇచ్చారు, అది మాకు బాగా పనికొచ్చింది. పూస చల్లారేటప్పుడు లాక్కుంటుంది, పైపు కురచవుతుంది, కొంచెం వంగుతుంది కూడా. కొలతకు కోసిన పైపులు తేవొద్దు, అదనపు పొడవుతో తెచ్చి ఓవర్‌లే అయ్యాక కోసుకోమన్నారు. తర్వాత మా షాపులో పైపునూ ఫ్లాంజినీ అతికేటప్పుడు ఇంకోటి గుర్తుంచుకోవాలి. రూటు (జాయింటు అడుగున వేసే మొదటి వరస) 625 తీగతో వేశాక, పైన ఖర్చు తగ్గుతుందని మామూలు స్టీలు తీగతో నింపకూడదు. నికెల్ మీద స్టీలు పోస్తే పగుళ్లు ఖాయం. జాయింటు మొత్తం 625తోనే పూర్తి చేయాలి. ఆ తీగ ఖర్చు మొదటే కొటేషనులో వేసుకోండి.

కాగితాలు సరిగానే ఇచ్చారు. పీక్యూఆర్ (వెల్డింగు పద్ధతిని పరీక్షించిన రికార్డు) అడిగితే ఫైలు ముందు పెట్టారు: అడ్డంగా వంచిన నాలుగు ముక్కలు, కెమికల్ రిపోర్టు, హార్డ్‌నెస్. వంచిన ముక్కలు కూడా సంచిలో దాచి ఉంచారు, చేతిలోకి తీసుకుని చూశాను. హైడ్రోజన్ సల్ఫైడు ఉన్న బావులకు పొర కింద వేడి తగిలిన ఇనుము గట్టిపడకూడదు, గట్టిదనం కొలతలో 22 హెచ్‌ఆర్‌సీ దాటకూడదని నియమం. మామూలు కార్బన్ స్టీలుతో అంత టెన్షన్ లేదు. మీ ఫ్లాంజిలు 4130 లాంటి అల్లాయ్ స్టీలు అయితే ముందు వేడి చేయడం, తర్వాత ఫర్నేసులో పెట్టడం తప్పవు. వీళ్లకు ఫర్నేసు లేదు, బయటికి పంపుతారు. అది అడిగి తెలుసుకోండి.

బాగాలేనివి కూడా ఉన్నాయి. మూడు వారాలన్నారు, ఐదు పట్టింది. ఫ్లాంజి మళ్లీ చేసినందుకు నాలుగు రోజులు పోగా మిగిలిన ఆలస్యానికి కారణం, మధ్యలో వేరే కంపెనీ అర్జెంటు పని దూర్చడం. అది మాకు ముందు చెప్పలేదు, నేను ఫోన్ చేస్తేనే తెలిసింది. మా సైటులో క్రేను అద్దెకు తీసుకుని కూర్చున్నాం. ఈ సంగతి యజమానికి మొహం మీదే చెప్పాను, ఆయన కాదనలేదు. రెండోది ప్యాకింగ్. అంత కష్టపడి చేసిన గాడి మీద ఒక ప్లాస్టిక్ కవరు చుట్టి టేపు వేసి పంపారు. యానాం దాటాక ఒక గతుకులో రెండు ఫ్లాంజిలు ఒకదానికొకటి తగిలి, ఒకదాని అంచు నొక్కుకుంది. అదృష్టం, గాడికి తగల్లేదు. మూడోది, రిపోర్టులో ఫొటోలు మసకగా ఉన్నాయి, హీట్ నంబరు (లోహం ఏ పోతలోదో చెప్పే నంబరు) చదవడానికి వీలు కాలేదు. మళ్లీ తీయించుకున్నాను.

ధర తక్కువ కాదు. పడిన తీగ బరువు మీద ఒక రేటు, లేతు పనికి విడిగా ఒక రేటు. మామూలు స్పూలుకు అయ్యే ఖర్చుకు మాకు ఐదు రెట్ల పైనే అయింది. ఇంకా తక్కువకు చేసేవాళ్లు ఉన్నారు. ఒక పొరతో సరిపెట్టే కొటేషన్లు కూడా వచ్చాయి. మా ఓనరు గారు ఆ కాగితాలు పట్టుకుని నా దగ్గరికి వచ్చినప్పుడు, టేబులు మీది గుల్ల ముక్క ఆయన చేతిలో పెట్టాను. కాసేపు తిప్పి చూసి కొటేషన్లు మడిచి జేబులో పెట్టుకున్నారు.

వచ్చే నెల 6 అంగుళాల స్పూళ్లు తొమ్మిది ఉన్నాయి, మళ్లీ వీళ్లకే. ఈసారి తేదీ కాగితం మీద రాయించుకున్నాం. ఫ్లాంజిలకు చెక్క మూతలు మా ఊరి వడ్రంగి చేస్తున్నాడు, పైపులతో పాటే వాటినీ పంపిస్తాను.